పురుగుమందును విరిచే ఎంజైము మన రక్తంలోనే ఉందట, నిజమేనా?

పత్తిచేను_రాజురా
పోయిన నెల మా బాపు పత్తికి మందు కొడుతూ చేలోనే పడిపోయాడు. సాయంత్రం నాలుగు దాటింది. గాలి ఎదురు తిరిగింది, అయినా సాలు సగంలో ఎందుకు ఆపాలని కొడుతూనే ఉన్నాడు. నేను ఉరికేసరికి నోట్లోంచి చొంగ, ఒళ్లంతా చెమట, కంటిపాప ఆవగింజంత అయిపోయింది. పంపు మూత దగ్గర కారి చొక్కా వీపుకు అతుక్కుపోయింది. దగ్గరి దవాఖానలో ఇంజెక్షన్లు లేవని పంపించేశారు. ఇంకో చోటికి చేరేసరికి రెండు గంటలు. బతికాడు. పదకొండు రోజులు ఉన్నాం అక్కడ.

ఆ పదకొండు రోజులూ రక్తం తీసి ఒక పరీక్ష చేశారు. మొదటి కాగితం మీద 'సీరం కోలినెస్టరేజ్ 412' అని ఉంది, మామూలుగా ఐదు వేలకు పైన ఉండాలని పక్కనే రాసి ఉంది. "మందు దీన్ని చంపేసింది, మళ్లీ పుట్టాలి" అన్నారు డాక్టరుగారు. నిన్న ఒక వీడియోలో ఈ ఎంజైమునే మార్చి, పురుగుమందును ముక్కలు చేసేలా తయారుచేశారని చెప్పారు. మందు చేతిలో చచ్చేది మందునే ఎలా చంపుతుంది? నిజమైతే మా తాలూకా దవాఖానలో ఎందుకు లేదు? నేను బీఎస్సీ రెండో ఏడాదిలో ఆపేశాను, కెమిస్ట్రీ కొంచెం అర్థమవుతుంది. తెలిసినవాళ్లు చెప్పండి.

కిన్వట్_కాక
ముందు మీ బాపు ఎట్లున్నాడు బిడ్డా? తిండి తింటున్నాడా? 2017లో మా పక్క యవత్మాల్ జిల్లాలో ఇట్లనే 20 మందికి పైగా పోయారు, వందల మంది దవాఖానల పాలయ్యారు. మా బావమరిది వాళ్లల్లో ఒకడు, ప్రాణం దక్కింది. వీడియోల సంగతి నాకు తెలియదు గానీ చార్జింగ్ పంపులు వచ్చినంక మనుషులు ఎక్కువ పడిపోతున్నారని మాత్రం కళ్లారా చూశాను. పత్తి మనిషి ఎత్తు పెరుగుతుంది, మందు తలమీదే పడుతుంది.

పత్తిచేను_రాజురా
తింటున్నాడు కాకా. నడుస్తున్నాడు. చేతుల్లో బలం ఇంకా రాలేదు.

చాంద_సిస్టర్
తమ్ముడూ, పదహారేళ్లుగా వార్డులో ఈ కేసులే చూస్తున్నాను. నువ్వు చెప్పిన చొంగ, చెమట, చిన్న కంటిపాప, మూడూ ఆర్గానోఫాస్ఫేట్, అంటే ఫాస్ఫరస్ జాతి పురుగుమందు గుర్తులే. మేం ఎట్రోపిన్ ఇస్తాం, ఊపిరితిత్తులు ఆరేదాకా ఇస్తూనే ఉంటాం. ఎక్కువైతే మనిషి దుప్పటి పీకుతూ, లేని చీమల్ని ఏరుతూ ఉంటాడు. మీ బాపు కూడా చేసే ఉంటాడు, భయపడి ఉంటారు మీరు. పామ్ అనే ఇంకో ఇంజెక్షన్, విషం పట్టు నుంచి ఎంజైమును విడిపించడానికి. అది అందరికీ ఒకేలా పనిచేయదు, ఆలస్యమైతే అసలే పనిచేయదు. కొత్త ఎంజైము మందు మా వార్డులో నేనెప్పుడూ చూడలేదు. ఎవరైనా 'ఎంజైము ఇంజెక్షన్' అని అమ్మితే డబ్బు ఇవ్వొద్దు.

ల్యాబ్_లత
నాది బల్లార్షా. ఎమ్మెస్సీ ప్రాజెక్టు ఈ ఎంజైము మీదే చేశాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

వీడియో అబద్ధం కాదు. కథ పూర్తిగా చెప్పలేదు, అంతే.

కండరానికి 'కదులు' అని నరం చెప్పేది ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనంతో. చెప్పిన మాటను వెంటనే తుడిచేయాలి, లేకపోతే కండరానికి అదే మాట ఆగకుండా వినిపిస్తుంది. తుడిచే పని ఎసిటైల్‌కోలినెస్టరేజ్‌ది. దీని ఒక్క అణువు సెకనుకు వేల ఎసిటైల్‌కోలిన్‌లను కోసేస్తుంది. రక్తంలో దీనికి ఒక చెల్లెలు ఉంది, పేరు బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్. కాలేయంలో తయారవుతుంది. మీ కాగితం మీది 412 ఈ చెల్లెలి లెక్క.

ఈ చెల్లెలు 574 అమైనో ఆమ్లాల దండ. అందులో 198వ పూస సెరిన్, అదే పట్టుకునే చెయ్యి. మామూలు పని ఇలా జరుగుతుంది. వచ్చినదాన్ని సెరిన్ పట్టుకుని సగానికి విరుస్తుంది, ఒక ముక్క చేతికి అంటుకుంటుంది. 438వ పూస హిస్టిడిన్ పక్కనే ఉండి ఒక నీటి అణువును ఆ ముక్క మీదికి తోస్తుంది. ముక్క ఊడిపోతుంది, చెయ్యి ఖాళీ, మళ్లీ కొత్తది.

పురుగుమందు వచ్చినా సెరిన్ అలాగే పట్టుకుంటుంది. కానీ ఈసారి చేతికి అంటుకునేది కార్బన్ ముక్క కాదు, ఫాస్ఫరస్ ముక్క. ఫాస్ఫరస్‌కు నాలుగు వైపులా కొమ్మలు ఉంటాయి, నీరు ఇంకో పక్క నుంచి వచ్చి కొడితేనే ఊడుతుంది. నీటిని తోసే హిస్టిడిన్ ఆ పక్క లేదు. అంతే, చెయ్యి అలాగే ఇరుక్కుపోతుంది. పంపు నాజిల్‌లో చెత్త ఇరుక్కున్నట్టు అనుకోండి. పంపు పాడవలేదు, నీళ్లున్నాయి, కానీ చుక్క పడదు. "చచ్చిపోయింది" అని డాక్టరుగారు అన్నది దీన్నే.

1995లో అమెరికాలో మిలార్డ్, లాక్‌రిడ్జ్, బ్రూమ్‌ఫీల్డ్ అనే ముగ్గురు ఒక పని చేశారు. ఆ సెరిన్ చెయ్యి ఎంజైము లోపలి ఒక గుంటలో ఉంటుంది, అదే గుంటలో 117వ చోట గ్లైసిన్ ఉంటుంది. అమైనో ఆమ్లాల్లోకెల్లా చిన్నది, ఏ పనీ చెయ్యనట్టు ఉంటుంది. దాన్ని తీసి హిస్టిడిన్ పెట్టారు. నీటిని అటు పక్క నుంచి తోసేవాడు దొరికాడు. ఫాస్ఫరస్ ముక్క ఊడింది, చెయ్యి ఖాళీ అయింది, ఇంకోదాన్ని పట్టుకుంది. మనిషి ఎంజైము అంతకు ముందు చేయలేని రసాయన చర్యను చేయడం మొదలుపెట్టింది. 574లో ఒక్క పూస మారింది!

పత్తిచేను_రాజురా
అక్కా, రెండు సార్లు చదివాను. నాజిల్ మాటతో అర్థమైంది. ఒక్కటి మారిస్తే చాలినప్పుడు ఇరవై, ముప్పై ఏళ్లలో మందు ఎందుకు కాలేదు?

కిన్వట్_కాక
నేనూ అదే అడుగుతున్నా. 1995 అంటే నా పెళ్లయిన ఏడాది. నా కొడుకే ఇప్పుడు చేను చేస్తున్నాడు.

సిరొంచ_తీరం
నాకు తెలిసి ఇదంతా మిలిటరీ వాళ్ల పని. సారిన్ లాంటి విషవాయువులు కూడా ఈ జాతివే కదా. సైనికుల కోసం చేశారు, రైతు కోసం కాదు. రైతు కోసమైతే ఎవడు పెట్టుబడి పెడతాడు? మా దగ్గర గోదావరి మీద వంతెన వచ్చేదాకా పాము కరిచినవాణ్ణి నాటు పడవలో తీసుకుపోయాం. మనకు ఎంజైములు ఎప్పుడొస్తాయి!

ల్యాబ్_లత
సిరొంచ అన్నా, మిలిటరీ మాట నిజమే. డబ్బు ఎక్కువగా అటు నుంచే వచ్చింది. కానీ సారిన్‌కూ చేలో కొట్టే మోనోక్రోటోఫాస్‌కూ పట్టుకునే చెయ్యి అదే, ఇరుక్కునే తీరూ అదే. ఎవరి డబ్బుతో చేసినా ఆ రసాయనం మనకు పనికొస్తుంది.

ఎందుకు మందు కాలేదంటే, మొదటి కారణం వేగం. మార్చిన ఎంజైము పురుగుమందును విరిచే వేగం నిమిషానికి ఒకటి, లేదా అంతకంటే తక్కువ. అసలు పనిలో సెకనుకు వేలు కోసే జాతికి ఇది నడక కూడా కాదు, పాకడం.

గునుపూర్_మాస్టారు
నేను రాయగడ జిల్లా నుంచి రాస్తున్నానండీ. మా వైపూ ఇప్పుడు కొండ వాలులన్నీ పత్తే. రిటైరైన లెక్కల టీచర్ని కాబట్టి ఒక లెక్క వేశాను, తప్పయితే లతమ్మ దిద్దాలి.

మార్చని ఎంజైము ఒక అణువు ఒక విషపు అణువును మాత్రమే పట్టుకుని ఇరుక్కుపోతుంది కదా. ఎంజైము బరువు సుమారు 85,000. మోనోక్రోటోఫాస్ బరువు 223. భాగిస్తే 380. అంటే ఒక మిల్లీగ్రాము మందును అడ్డుకోవాలంటే 380 మిల్లీగ్రాముల ఎంజైము కావాలి. చర్మం ద్వారా వంద మిల్లీగ్రాములు లోపలికి పోయిందనుకుంటే 38 గ్రాములు! ఒక మనిషి రక్తంలో ఎంత ఉంటుందమ్మా ఇది?

ల్యాబ్_లత
మాస్టారూ, లెక్క సరిగ్గా ఉంది. లీటరు ప్లాస్మాలో కొన్ని మిల్లీగ్రాములే ఉంటుంది. మన ఒంట్లో ప్లాస్మా మూడు లీటర్లు. కాబట్టి మీరన్న 38 గ్రాములకు వేల లీటర్ల ప్లాస్మా పిండాలి. రక్తదానంలో గడువు దాటిన ప్లాస్మా నుంచి దీన్ని తీసి మనుషులకు ఇచ్చి చూశారు కూడా, ఒంటికి పడింది. కానీ ఆ లెక్కన ఒక తాలూకాకు కూడా చాలదు.

అందుకే అందరూ 117 వెంట పడ్డారు. ఒకటికి ఒకటి పద్ధతి పోయి, ఒకటే మళ్లీ మళ్లీ పనిచేస్తే కొంచెం మందు చాలు.

గునుపూర్_మాస్టారు
నిమిషానికి ఒకటి అన్నా రోజుకు 1,440 అవుతుంది కదమ్మా. 38 గ్రాములు కాస్తా 26 మిల్లీగ్రాములకు దిగుతుంది. అది తక్కువేం కాదు!

ల్యాబ్_లత
కాగితం మీద అంతే మాస్టారూ. కానీ రెండు చిక్కులున్నాయి. ఒకటి, నిమిషానికి ఒకటి అనేది చుట్టూ విషం నిండుగా ఉన్నప్పటి వేగం. రక్తంలో విషం పలచగా ఉంటుంది, ఎంజైముకు అది ఎదురు పడాలి. 117 మార్చాక ఎంజైము విషాన్ని పట్టుకోవడం కూడా మందగించింది. రెండు, విషం మెదడుకూ ఊపిరి కండరాలకూ చేరకముందే పట్టుకోవాలి. రోజంతా టైము ఉండదు.

చర్మం ద్వారా మెల్లగా ఎక్కే విషానికి మాత్రం కొంచెం టైము దొరుకుతుంది. పిచికారీ కేసులు అలాంటివే. అందుకే నాకు ఈ విషయం మీద ఆశ ఉంది.

చాంద_సిస్టర్
అవును, పిచికారీ కేసులు తాగిన కేసుల్లా ఒక్కసారిగా పడవు. పొద్దున కొడతారు, మధ్యాహ్నం తల తిరుగుతుంది, ఎండ దెబ్బ అనుకుని చెట్టు కింద పడుకుంటారు. అప్పుడు బట్టలు విప్పి సబ్బుతో ఒళ్లు కడిగితే సగం ప్రమాదం తప్పుతుంది. తడిసిన చొక్కా మీదే మా దగ్గరికి తెస్తారు, దారి పొడుగునా చర్మం తాగుతూనే ఉంటుంది. తమ్ముడూ, తప్పు పట్టడం లేదు, అందరూ చేసేదే.

పత్తిచేను_రాజురా
చొక్కా విప్పలేదు అక్కా. తెలియదు.

ప్రాణహిత
మా ఊర్లో మజ్జిగ, చింతపులుసు తాగిస్తారు.

చాంద_సిస్టర్
నోట్లో ఏమీ పోయొద్దు. వాంతి చేయించొద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతే అక్కడే పోతాడు మనిషి. ఒళ్లు కడుగు, పక్కకు తిప్పి పడుకోబెట్టు, సీసా వెంట తీసుకురా. సీసా మీద పేరు ఉంటే మాకు అరగంట కలిసొస్తుంది.

పాండర్‌కవడా_రైతు
ఒక మాట. అందరూ ఆర్గానోఫాస్ఫేట్ అనే మాట్లాడుతున్నారు. మా దగ్గర ఒక్క మందు ఎవడు కొడతాడు? కృషి కేంద్రం వాడు మూడు సీసాలు ఇస్తాడు, మూడూ ఒకే పంపులో. 2017లో కూడా అన్ని కేసులూ ఒకే మందువి కావు. ఈ ఎంజైము మిగతా మందుల్ని కూడా విరుస్తుందా?

ల్యాబ్_లత
విరవదు. మీరన్నది చాలా ముఖ్యమైన మాట. ఇమిడాక్లోప్రిడ్ లాంటివి, సైపర్‌మెత్రిన్ లాంటివి వేరే చోట పనిచేస్తాయి, వాటికి ఈ ఎంజైముతో సంబంధం లేదు. కార్బమేట్లు ఇదే చేతిని పట్టుకుంటాయి గానీ కొన్ని గంటల్లో వాటంతట అవే ఊడిపోతాయి. మొండిది ఫాస్ఫరస్ జాతే.

ఇంకో సంగతి. ఇరుక్కున్న ఫాస్ఫరస్ ముక్క కొంతసేపటికి ముదురుతుంది. తుమ్మ బంక లేతగా ఉన్నప్పుడు గోటితో వస్తుంది, ముదిరితే రాదు, అలాగ. ముక్కకున్న ఒక కొమ్మ రాలిపోయి సెరిన్‌కు గట్టిగా పట్టేస్తుంది, ఇక పామ్ ఇంజెక్షన్ కూడా ఊడదీయలేదు. ఏ మందు ఎంత త్వరగా ముదురుతుందో ఒక్కో దానికి ఒక్కోలా ఉంటుంది. సోమన్ అనే విషవాయువుకైతే నిమిషాలే. ఆ బృందమే 1998లో 117తో పాటు 197వ పూసనూ మార్చి, సోమన్‌ను కూడా ముదరనివ్వకుండా విరిచే ఎంజైమును చేసింది.

సిరొంచ_తీరం
ఒక్కో పూస మార్చుకుంటూ పోతే 574 మార్చాలి. ఏది మార్చాలో ఎట్లా తెలుస్తుంది?

ల్యాబ్_లత
రెండు దారులు. ఒకటి ఎంజైము ఆకారం బొమ్మ చూసి ఆలోచించి మార్చడం, 117 అలా వచ్చిందే. రెండోది ఏది పనిచేస్తుందో ఆలోచించకుండా వేల రకాల మార్పులు చేసి, అందులో బాగా పనిచేసేదాన్ని ఏరి, దాన్నుంచి మళ్లీ వేల రకాలు చేసి, మళ్లీ ఏరడం. ఈ పద్ధతికే ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్‌కు 2018లో నోబెల్ వచ్చింది. కంప్యూటర్‌లో కొత్త ప్రోటీన్లు గీసే పనికి డేవిడ్ బేకర్‌కు 2024లో వచ్చింది.

కిన్వట్_కాక
ఏరడం అంటే మా నాయన చేసిన పనే! దేశవాళీ పత్తి రోజుల్లో చేనంతా తిరిగి, నిండుగా విచ్చిన కాయల్ని వేరే సంచిలో ఏరేవాడు. వాటి గింజలే వచ్చే ఏటికి. "పంట చూసి కాదురా, కాయ చూసి ఏరు" అనేవాడు. ఇప్పుడు ప్యాకెట్లొచ్చి ఆ సంచి అటక మీద ఉంది.

ల్యాబ్_లత
కాకా, అచ్చం అదే. తేడా ఏంటంటే మీ నాయనకు ఏడాదికొక పంట, వీళ్లకు వారానికొకటి. ఈ ఏరే పద్ధతితోనే ఇజ్రాయెల్‌లో డాన్ తౌఫిక్ బృందం 2011లో మనిషిలో ఉండే ఇంకో ఎంజైము, పారాఆక్సోనేజ్ జాతిని విషవాయువుల మీద బాగా వేగంగా పనిచేసేలా తీర్చిదిద్దింది. అది పుట్టుకతోనే పారాక్సాన్ అనే ఫాస్ఫరస్ జాతి విషాన్ని కొంచెం విరుస్తుంది, పేరు కూడా అలా వచ్చిందే.

పాండర్‌కవడా_రైతు
అట్లయితే పురుగు కూడా ఇదే చేస్తుందా? ఏడాదికేడాది మందుకు లొంగడం లేదు. మూడేళ్ల కింద ఒక మూతతో పోయేది ఇప్పుడు మూడు మూతలకు పోవడం లేదు.

ల్యాబ్_లత
అన్నా, ఈ ప్రశ్న కోసమే ఎదురు చూస్తున్నా! ఆస్ట్రేలియాలో గొర్రెల మీద వాలే ఒక ఈగ ఉంది, లుసీలియా కుప్రీనా. ఫాస్ఫరస్ మందులకు లొంగకుండా పోయింది. ఎందుకని వెతికితే, 1997లో తేలింది, దాని ఎంజైములో 137వ గ్లైసిన్ మారిపోయి ఆస్పార్టిక్ ఆమ్లం అయింది. ఆ 137 ఎక్కడుందో తెలుసా? మనిషి ఎంజైములో 117 ఉన్న చోటే. అదే గుంట, అదే గోడ. శాస్త్రవేత్తలు బొమ్మ చూసి పట్టుకున్న చోటును ఈగ మందు దెబ్బలు తిని తిని పట్టుకుంది.

పురుగులు లొంగకపోవడానికి ఇదొక్కటే దారి కాదు, వేరే మార్గాలూ ఉన్నాయి. కానీ ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ప్రాణహిత
ఈగ మనకంటే ముందే పీహెచ్‌డీ చేసిందన్నమాట.

గునుపూర్_మాస్టారు
మా మనవడు ఈ చర్చ చదివి కొత్త బండికి 117 నంబరు కావాలంటున్నాడండీ.

ధర్మాబాద్_దుకాణం
నేను ఇన్నాళ్లూ చదవడమే, రాయలేదు. బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ అనే పేరు చూసి రాస్తున్నా. మేం వైశ్యులం. మా అక్కకు కాన్పు ఆపరేషన్ చేసినప్పుడు మత్తు డాక్టరు ఒక ఇంజెక్షన్ ఇచ్చారు. ఆపరేషన్ అయిపోయింది, బిడ్డ ఏడుస్తోంది, అక్క మాత్రం ఊపిరి తీసుకోవడం లేదు. నాలుగు గంటలు మిషన్ మీద పెట్టారు. మాకు ప్రాణాలు పోయినంత పనైంది. తర్వాత రక్తం పరీక్ష చేస్తే ఈ ఎంజైము దాదాపు లేదని చెప్పారు. ఇంట్లో అందరికీ చేయిస్తే మా చిన్నన్నకూ లేదు. ఇద్దరూ ఆరోగ్యంగానే ఉన్నారు. ఇది అదేనా?

ల్యాబ్_లత
అదే అక్కా. ఆ ఇంజెక్షన్ సక్సమెథోనియం అయి ఉంటుంది. కండరాలను కొద్ది నిమిషాలు వదులు చేస్తుంది, దాన్ని విరిచి తీసేసేది ఈ చెల్లెలు ఎంజైమే. అది లేనివాళ్లకు గంటలు పడుతుంది. మన వైశ్య కుటుంబాల్లో ఇది మిగతావాళ్ల కంటే ఎక్కువగా కనబడుతుంది. 307వ పూస ల్యూసిన్ బదులు ప్రోలిన్ ఉండటం ఒక కారణమని 2006లో ప్రచురించారు. మీ ఇంట్లోవాళ్లందరూ ఆ కాగితం ఫోన్‌లో దాచుకోండి. ఏ ఆపరేషన్‌కు ముందైనా మత్తు డాక్టరుకు చూపించాలి.

దీంట్లో ఈ చర్చకు సంబంధించిన సంగతి కూడా ఉంది. ఈ ఎంజైము లేకుండా కూడా మనిషి మామూలుగా బతుకుతాడు. కాబట్టి దీన్ని ఎలా మార్చి ఒంట్లో పెట్టినా రోజువారీ పనికి అడ్డు రాదని ధైర్యం. మార్చిన రూపాన్ని పుట్టుకతోనే పెట్టిన ఎలుకలు 2004లో బాగానే పెరిగాయి, విషాన్ని మామూలు ఎలుకల కంటే ఎక్కువ తట్టుకున్నాయి.

చాంద_సిస్టర్
దుకాణం అక్కా, ఇంకో మాట. మీ చిన్నన్నకు చేను ఉంటే మందు దగ్గరికి పోనివ్వకండి. రక్తంలో మొదటి అడ్డు లేని మనిషి ఆయన. ఎప్పుడైనా దవాఖానకు వస్తే "ఈ లెక్క పుట్టుకతోనే తక్కువ" అని ముందే చెప్పండి. లేకపోతే కాగితం చూసి విషం అనుకుంటాం.

ధర్మాబాద్_దుకాణం
చేను లేదు గానీ దుకాణంలో ఎలుకల మందు, దోమల మందు ఉంటాయి. ఈ రోజే చెబుతాను. చాలా థాంక్స్ ఇద్దరికీ.

సిరొంచ_తీరం
నాకు ఒక అనుమానం. మనిషి ఎంజైమునే ఎందుకు పట్టుకుని వేలాడాలి? మట్టిలో బ్యాక్టీరియా మందును తినేస్తుందని విన్నాను. దాన్నే వాడొచ్చు కదా?

గునుపూర్_మాస్టారు
ఇది నాకు తెలుసండీ! 1973లో ఫిలిప్పీన్స్‌లో డయాజినాన్ కొట్టిన వరి మడి నుంచి అలాంటి బ్యాక్టీరియాను పట్టుకున్న ఇద్దరిలో ఒకరు సేతునాథన్ గారు. ఆయన తర్వాత మా కటక్‌లోని వరి పరిశోధన సంస్థలో పనిచేశారు. ఆ బ్యాక్టీరియా ఎంజైము చాలా వేగం అని చదివాను. మరి ఎందుకు వాడరు లతమ్మా?

ల్యాబ్_లత
మాస్టారూ, ఆ సంగతి మీరు చెప్పడం చాలా సంతోషం. నిజమే, పారాక్సాన్ మీద బ్యాక్టీరియా ఎంజైము ముందు 117 ఎందుకూ చాలదు. ఎంజైములు ఎంత వేగంగా పనిచేయగలవో దాదాపు ఆ హద్దు దగ్గర ఉంటుంది. నీళ్లు, మట్టి శుభ్రం చేయడానికి అదే సరైనది. ఆస్ట్రేలియాలో గొర్రెలను ముంచిన మందు నీళ్లను శుభ్రం చేయడానికి ఆ జాతి ఎంజైమునే పొడిగా చేసి వాడారు.

రక్తంలోకి ఎక్కిస్తే మాత్రం ఒళ్లు దాన్ని పరాయిదిగా గుర్తుపడుతుంది. తొందరగా తీసి పారేస్తుంది, రెండోసారి ఇస్తే ఎదురు తిరిగే ప్రమాదమూ ఉంది. మన ఎంజైములో 574లో ఒకటో రెండో మారిస్తే ఒళ్లు పరాయిదని అనుకునే అవకాశం తక్కువ. మనిషి ఎంజైమును పట్టుకుని వేలాడేది అందుకే అన్నా. ఇదే బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్‌ను నాలుగైదు చోట్ల మార్చి కొకైన్‌ను వేగంగా విరిచేలా చేశారు, అది మనుషుల మీద పరీక్షల దాకా వెళ్లింది. అంటే మార్చిన రూపాన్ని మనిషికి ఎక్కించడం జరిగిన పనే.

పాండర్‌కవడా_రైతు
కొకైన్ తాగేవాడికి ముందు చేశారు, పత్తి పండించేవాడికి చేయలేదు. ఇది రాసుకోండి.

కిన్వట్_కాక
రాసుకున్నా.

ప్రాణహిత
వేరే ఎంజైములు కూడా ఇట్లా మారుస్తారా, లేక ఇదొక్కటేనా?

ల్యాబ్_లత
చాలా ఉన్నాయి. కార్బోనిక్ అన్‌హైడ్రేజ్ అని మన ఎర్రకణాల్లో ఉంటుంది, కార్బన్ డయాక్సైడ్‌ను నీళ్లతో కలుపుతుంది, ఆ ఎంజైము నడిమధ్యలో జింకు ఉంటుంది. ఆ జింకు తీసి మాంగనీసు పెడితే అది ఆక్సిజన్‌ను వేరే అణువులకు అతికించే పని మొదలుపెట్టింది. 2006లో. అది మందుల తయారీకి పనికొచ్చే దారి, మన విషయం కాదు.

మన విషయంలో నేను చేత్తో చేసింది ఒక్కటి చెబుతాను. ల్యాబ్‌లో ఎల్‌మన్ పద్ధతి అని 1961 నాటిది ఉంది. చిన్న గాజు గొట్టంలో ఎంజైము, అది కోసే సరుకు, ఒక రంగు పుట్టించే రసాయనం వేస్తాం. ఎంజైము బతికుంటే నీళ్లు నిమిషంలో పసుపు రంగుకు తిరుగుతాయి, లేత నిమ్మకాయ రంగు. పురుగుమందు చుక్క ముందే వేస్తే తెల్లగా నీళ్లలాగే ఉండిపోతుంది. నేను మొదటిసారి ఆ తెల్ల గొట్టం పట్టుకున్నప్పుడు నాకు మా పెద్దనాన్న గుర్తొచ్చాడు. ఆయన్ను తీసుకొచ్చేసరికి ఆలస్యమైంది. ఆ పక్క గొట్టంలో 117 మార్చిన ఎంజైము. అదే చుక్క వేశాం. చాలాసేపు ఏమీ లేదు. టీ తాగి వచ్చి చూస్తే అడుగున పలచగా పసుపు. మా మేడం "కనబడుతోందా?" అని అడిగారు. నాకు మాట రాలేదు.

పత్తిచేను_రాజురా
అక్కా, ఇది మా బాపుకు చదివి వినిపించాను. టీ తాగి వచ్చేసరికి పసుపు తిరిగిందన్న మాట దగ్గర మళ్లీ చదవమన్నాడు.

కిన్వట్_కాక
నాకు ఇంకా కోపం పోలేదు లతమ్మా, నీ మీద కాదు. పసుపు తిరిగితే సంతోషం. ఈ లోపల తాలూకాకు పది ఎట్రోపిన్ సీసాలు ఉంచడానికి ఏ ఈగనూ అడగక్కర్లేదు.

చాంద_సిస్టర్
కాకా మాటకు నేను సంతకం పెడతాను. ఎట్రోపిన్ ఖరీదైన మందు కాదు. సీజన్‌కు ముందే తెప్పించుకోవాలి, అంతే.

ల్యాబ్_లత
నేనూ కాకతోనే. రెండూ కావాలి.

పత్తిచేను_రాజురా
నిన్న మళ్లీ పరీక్ష చేయించాం, ఆరో వారం. 412 నుంచి 5,140 అయింది. గొట్టం పసుపు తిరిగినట్టే కదా అక్కా?

ల్యాబ్_లత
తిరిగినట్టే. అది మీ బాపు కాలేయం కొత్తగా చేసుకున్నది. ఇరుక్కున్నవి పోయి, కొత్తవి పుట్టాయి.

చాంద_సిస్టర్
తమ్ముడూ, ఐదు వేలు దాటింది కదా అని పంపు ఎత్తనివ్వొద్దు. ఇది రక్తం నీటిలోని లెక్క, త్వరగా కోలుకుంటుంది. నరాల దగ్గర ఉండే అసలు ఎంజైముకు ఎర్రకణాల పరీక్ష దగ్గరి గుర్తు, అది మామూలు కావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. ఈ సీజన్ అంతా చేలో మందు వాసన వచ్చే చోట నిలబడనివ్వకు.

పత్తిచేను_రాజురా
నిలబడనివ్వను అక్కా. పంపు మా మేనమామ ఇంట్లో పెట్టి తాళం చెవి నా దగ్గర ఉంచుకున్నా. మిగిలిన రెండు కొట్టుళ్లు కూలికి ఇచ్చాం, వచ్చే మనిషికి కూడా మాస్కు, పొడుగు చేతుల రెయిన్‌కోటు కొన్నాను. గాలి తిరిగితే సాలు సగంలోనైనా ఆపమని బాపే గట్టు మీద దూరంగా కూర్చుని చెబుతున్నాడు.